ఏ గేమ్ లోకంలో కాపురం పెట్టొచ్చు? హీరోగా కాదు, మామూలు మనిషిగా

గేమ్‌లు ఆడేవాళ్లను "ఏ గేమ్ లోకంలో ఉండిపోతావు?" అని అడిగి చూడండి. చాలామంది తాము ఎక్కువ గంటలు గడిపిన గేమ్ పేరే చెబుతారు. ఒకరు స్కైరిమ్ అంటారు, ఒకరు విచర్ అంటారు, ఇంకొకరు జీటీఏ అంటారు. కానీ ఆడటానికి బాగుండే లోకం బతకడానికి కూడా బాగుండాలని ఎక్కడా లేదు. చాలాసార్లు ఈ రెండింటికీ అసలు పొసగదు. ఆట రక్తి కట్టాలంటే యుద్ధం ఉండాలి, దారి పొడవునా రాక్షసులు ఉండాలి, ఎవడో ఒకడు లోకాన్ని నాశనం చేయడానికి కాచుకుని ఉండాలి. కాపురానికి కావాల్సినవి వేరు. మంచినీళ్లు, వైద్యం, రాత్రిపూట నిద్ర, బయటికి వెళ్లిన పిల్లలు క్షేమంగా ఇంటికి రావడం.

అందుకే ఈ పోలికకు ముందు ఒక షరతు పెట్టుకుందాం. మీరు హీరో కాదు. మీకు సేవ్ ఫైల్ లేదు. చనిపోతే మళ్లీ లేవడం లేదు. పోరాటం మధ్యలో ఆట ఆపి గాయాలు మాన్పుకునే వీలు లేదు. మీరు ఆ లోకంలో కొట్టు నడిపే మనిషి, పొలం చేసుకునే మనిషి, చదువుకునే పిల్ల. ఎన్‌పీసీలు, అంటే కంప్యూటరే నడిపే పాత్రలు అని మనం పట్టించుకోకుండా దాటిపోయే జనంలో ఒకరు.

ఈ షరతు పెట్టుకున్నాక ప్రతి లోకాన్నీ అడగాల్సిన ప్రశ్నల్లో నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఇది: హీరో రాకపోతే ఇక్కడి జనం ఏమవుతారు? ఒక్క మనిషి వచ్చి కాపాడితే తప్ప నిలవని ఊరు ఎంత అందంగా ఉన్నా అందులో ఇల్లు కట్టుకోవడం ప్రాణాలతో చెలగాటమే. ఎవరూ రాకపోయినా కిందామీదా పడి నడిచిపోయే ఊరు కాస్త పాతబడినా నమ్మదగ్గది. మిగతా ప్రశ్నలు దీని తర్వాతే. జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, డబ్బు లేనివాళ్లను కూడా చూస్తారా? చీకటి పడ్డాక బయట తిరగొచ్చా? నచ్చకపోతే వదిలి వెళ్లిపోవచ్చా?

యానిమల్ క్రాసింగ్, స్టార్‌డ్యూ వ్యాలీ

ప్రశాంతంగా బతకాలి అనుకునేవాళ్లకు ముందు తట్టేవి ఈ రెండే. పైకి ఒకేలా కనిపిస్తాయి. చిన్న ఊరు, పూలు, చేపలు, వినసొంపైన సంగీతం. కానీ లోపలికి వెళ్లి చూస్తే చాలా తేడా ఉంది.

2020 మార్చిలో వచ్చిన యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్‌లో మీరు ఒక దీవికి చేరుకుంటారు. టామ్ నూక్ అనే వ్యాపారి మీకు ఇల్లు కట్టించి ఇస్తాడు. ఆ మొదటి ఇంటి అప్పు 98,000 బెల్స్, అంటే ఆ లోకపు డబ్బు. వడ్డీ లేదు, గడువు లేదు, వాయిదా కట్టమని వెంటపడేవాళ్లు లేరు. పండ్లు కోసి, చేపలు పట్టి అమ్ముకుంటూ తీరిగ్గా తీర్చుకోవచ్చు. టరంటులా అనే పెద్ద సాలీడు కరిచినా స్పృహ తప్పి మీ ఇంటి ముందే మేలుకుంటారు. ఆకలి చావులు లేవు, ముసలితనం లేదు. అప్పుల టెన్షన్‌తో నలిగిపోయినవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

ఇప్పుడు మన షరతు గుర్తు చేసుకోండి. అక్కడ మీరు ఆటగాడు కాదు, పక్కింటి నివాసి. దీవి రూపురేఖలన్నీ ఆటగాడి చేతిలో ఉంటాయి. మీ ఇల్లు ఎక్కడ ఉండాలో ఆ ఒక్క మనిషే నిర్ణయిస్తాడు, మనసు మారితే ఇంటిని ఎత్తించి వేరే చోట పెట్టిస్తాడు. దీవిలో పదిమంది నివాసులకే చోటు. కొత్తగా నచ్చినవాళ్లు కనిపిస్తే పాతవాళ్లను సాగనంపే ప్రయత్నాలు మొదలవుతాయి. ఎలాగైనా వెళ్లిపోవాలని నచ్చని నివాసిని పురుగులు పట్టే వలతో కొడుతూ తిరిగే ఆటగాళ్లు ఉన్నారు. కొట్లాటలు, దొంగతనాలు లేకపోవచ్చు, కానీ ఊరి విషయంలో మీ మాటకు విలువే లేదు. ఆటగాడు కొన్ని నెలలు రాకపోతే కలుపు పెరుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. కొత్త వంతెన రాదు, మెట్లు రావు. బాగా అలసిపోయి విశ్రాంతికి వెళ్లేవాళ్లకు ఈ దీవి మంచిదే. జీవితమంతా గడపడానికి మాత్రం నేను సిఫారసు చేయను.

స్టార్‌డ్యూ వ్యాలీ కథ వేరు. ఎరిక్ బరోన్ ఒక్కడే కొన్నేళ్లు కూర్చుని తయారుచేసి 2016లో విడుదల చేసిన ఈ గేమ్‌లో పెలికన్ టౌన్ అనే ఊరు ఉంది. 28 రోజుల చొప్పున నాలుగు రుతువులు, 112 రోజులకు ఒక ఏడాది. రాక్షసులు ఉన్నారు గానీ వాళ్లుండేది గనుల్లో, గుహల్లో. మీరు వెతుక్కుంటూ వెళ్తే తప్ప ఊరి వీధుల్లోకి రారు. డాక్టర్ హార్వీ క్లినిక్ ఊరి నడిబొడ్డున, పియర్ అనే వ్యాపారి సరుకుల కొట్టును ఆనుకునే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక తెల్లవారుజాము రెండింటికల్లా ఇల్లు చేరకపోతే మనిషి ఎక్కడున్నా సోలిపోతాడు. ఎవరో ఒకరు మోసుకొచ్చి ఇంట్లో పడుకోబెడతారు. అందుకు డబ్బు పోతుంది, కానీ అది ఎప్పుడూ 1,000 బంగారు నాణేలు దాటదు. ఉన్నదాన్ని బట్టే తీసుకుంటారు.

ఈ ఊరిలో కష్టాలు లేకపోలేదు. పామ్, ఆమె కూతురు పెన్నీ పాత ట్రైలర్‌లో ఉంటారు. లైనస్ గుడారంలో ఉంటాడు, అది అతను కోరి ఎంచుకున్న బతుకు. జార్జ్ గని ప్రమాదం వల్ల చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. కెంట్ యుద్ధం నుంచి రెండో ఏడాది తిరిగొస్తాడు, వచ్చాక కూడా ఆ యుద్ధం అతన్ని వదలదు. షేన్‌ది అన్నిటికంటే బరువైన కథ. జోజా అనే పెద్ద కంపెనీ దుకాణం జోజామార్ట్‌లో పనిచేస్తూ, తాగుడులో మునిగి, ఒక వాన రోజు కొండ అంచున పడి ఉంటాడు. ఆ సన్నివేశం తర్వాత ఏం జరుగుతుందో చూడండి. అతన్ని క్లినిక్‌కు చేరుస్తారు, హార్వీ అతనికి నగరంలోని కౌన్సెలర్ పేరు చెబుతాడు, షేన్ వెళ్తానంటాడు. బతకడానికి పనికొచ్చే ఊరు ఎలా ఉంటుందో చెప్పమంటే నేను ఈ చిన్న వరసనే చూపిస్తాను. మనిషి కూలిపోవచ్చు, కూలిపోతే పట్టించుకునేవాళ్లుండాలి.

మరి హీరో రాకపోతే? పాడుబడిన కమ్యూనిటీ సెంటర్‌ను జోజా కంపెనీ గోదాముగా మార్చుకుంటుంది. ఆగిపోయిన బస్సు ఆగిపోయే ఉంటుంది, పామ్‌కు డ్రైవర్ ఉద్యోగం తిరిగి రాదు. పియర్ కొట్టు దెబ్బతింటుంది. ఊరు చిక్కిపోతుంది, కానీ చచ్చిపోదు. శుక్రవారం సాయంత్రం సెలూన్ అనే మద్యశాలలో జనం చేరతారు, పండగలు జరుగుతాయి. నన్ను బాధపెట్టే లోటు ఒకటుంది. ఊళ్లో బడి లేదు. విన్సెంట్, జాస్ అనే ఇద్దరు పిల్లలకు పెన్నీయే చదువు చెబుతుంది. ఆ పిల్లలు ఎన్నేళ్లు గడిచినా పెరగరు. మీకు పుట్టే పిల్లలు కూడా తప్పటడుగుల వయసు దగ్గరే ఆగిపోతారు. పిల్లల్ని పెంచి పెద్దచేయాలన్న ఆశ ఉన్నవాళ్లు ఇది బాగా ఆలోచించుకోవాలి.

ఈ రెండింట్లో నా ఓటు పెలికన్ టౌన్‌కే. పని ఉంది, మనుషులు మారతారు, ఒకరి బాధ మరొకరికి తెలుస్తుంది.

పోకెమాన్: ఏ ప్రాంతమో చూసుకుని వెళ్లండి

పోకెమాన్ లోకం గురించి అడిగితే అందరూ ముందు చెప్పేది పోకెమాన్ సెంటర్. 1996లో జపాన్‌లో రెడ్, గ్రీన్ గేమ్‌లు వచ్చినప్పటి నుంచీ అంతే. దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉంటుంది. గాయపడిన పోకెమాన్‌ను తీసుకెళ్తే చూసి పంపిస్తారు, బిల్లు అడగరు. జంతువులకే ఇంత మంచి ఉచిత వైద్యం నడిపే సమాజం మనుషుల్ని గాలికి వదిలేస్తుందని నేను అనుకోను. కరెంటు ఉంది, కంప్యూటర్లు ఉన్నాయి, ఊళ్లు శుభ్రంగా ఉంటాయి, అపరిచితుల్ని కూడా జనం ఇంట్లోకి రానిస్తారు.

ఊరు దాటితే లెక్క మారుతుంది. గడ్డి మోకాలెత్తు పెరిగిన చోటికి సొంత పోకెమాన్ లేకుండా వెళ్లొద్దని ప్రొఫెసర్ ఓక్ మొదట్లోనే హెచ్చరిస్తాడు. కాంటో ప్రాంతంలో స్నార్లాక్స్ అనే భారీ పోకెమాన్ రోడ్డుకు అడ్డంగా పడుకుంటే, దాన్ని లేపే పిల్లనగ్రోవితో ఎవరో వచ్చేదాకా ఆ దారి మూతే. పోకెమాన్‌ల వివరాలుండే పోకెడెక్స్ చదివితే ఇంకా భయం వేస్తుంది. డ్రిఫ్లూన్ చిన్నపిల్లల చేతులు పట్టుకుని లాక్కుపోవాలని చూస్తుందట. యామాస్క్ మోసుకు తిరిగే ముసుగు అది మనిషిగా ఉన్నప్పటి ముఖమట, దాన్ని చూసుకుని ఏడుస్తుందట. 2004 నాటి ఫైర్‌రెడ్‌లో లాస్టెల్ అనే పాప అడవిలో తప్పిపోతే, వెతుక్కుంటూ వెళ్లిన మనకు ఎదురయ్యేది హిప్నో అనే పోకెమాన్, మనుషుల్ని నిద్రపుచ్చే రకం.

ఇన్ని ఉన్నా నేను ఈ లోకాన్ని పైవరసలోనే పెడతాను, ప్రాంతం మాత్రం జాగ్రత్తగా ఎంచుకోవాలి. హీరో రాకపోతే అన్న ప్రశ్న ఇక్కడ బాగా పనికొస్తుంది. కాంటోలో హీరో రాకపోతే రాకెట్ ముఠా సఫ్రాన్‌లోని సిల్ఫ్ కంపెనీని పట్టుకుని కూర్చుంటుంది. అది పెద్ద నేరమే, అయినా పక్క ఊళ్లో జనం అన్నం మానేయరు. 2002లో రూబీ, సఫైర్‌లతో వచ్చిన హోయెన్‌లో అలా కాదు. అక్కడ గ్రౌడాన్ అనే మహా పోకెమాన్ లేస్తే ఎండ మాడ్చేస్తుంది, క్యోగ్రే అనే ఇంకొకటి లేస్తే వాన ఆగదు. 2006 నాటి సిన్నోలో సైరస్ అనేవాడు ఉన్న విశ్వాన్నే చెరిపేసి కొత్తది చేయాలని చూస్తాడు. ఈ రెండు చోట్లా జనం ప్రాణాలు ఒక పిల్లవాడి చేతిలో, లేదా ఒక పిల్ల చేతిలో ఉంటాయి. పెద్దవాళ్ల వ్యవస్థలు అక్కడ ఏం చేస్తున్నాయో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. కాంటోకు వెళ్లండి. ఊరి మధ్యలో ఇల్లు చూసుకోండి. ఇంట్లో మనిషికో పోకెమాన్ ఉండేలా చూసుకోండి.

హైరూల్: శిథిలమైనా నిలిచిన చోటు

2017లో వచ్చిన జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో హైరూల్‌ను మొదట చూస్తే ఎవరూ కాపురానికి ఎంచుకోరు. వందేళ్ల కిందట గానన్ అనే దుష్టశక్తి తెచ్చిన విపత్తు రాజ్యాన్ని కూల్చేసింది. కోట చుట్టూ చీకటి తిరుగుతూ ఉంటుంది. గార్డియన్ యంత్రాలు కనిపించినవాళ్లను కాల్చేస్తాయి. రక్త చంద్రుడు ఉదయించిన రాత్రి చచ్చిన రాక్షసులన్నీ మళ్లీ లేస్తాయి. దారిలో పలకరించే బాటసారి మారువేషంలో ఉన్న యీగా ముఠా హంతకుడు కావచ్చు.

అయినా నేను ఈ లోకం వైపు మొగ్గుతాను, కారణం ఆ వందేళ్లే. ఆ వందేళ్లూ హీరో లింక్ గుహలో నిద్రలో ఉన్నాడు. యువరాణి జెల్డా కోటలో గానన్‌ను పట్టి ఉంచింది. మిగతా బతుకంతా జనమే చూసుకున్నారు. హటేనో గ్రామంలో పొలాలు పండాయి, రంగుల దుకాణం నడిచింది. కాకరికోలో క్యారెట్లు, గుమ్మడికాయలు పండాయి. రాజ్యమంతటా గుర్రపు శాలలు తెరిచే ఉన్నాయి, ఎవరొచ్చినా పడుకోవడానికి మంచం, వండుకోవడానికి కుండ ఉంది. ఒక లోకం సొంతంగా నిలబడగలదని ఇంతకంటే గట్టి రుజువు ఏ గేమ్‌లోనూ నాకు కనిపించలేదు.

కాకరికోలో కోకో అనే పాప ఉంటుంది. తల్లిని యీగా వాళ్లు చంపేశారు. చెల్లెలికి అన్నం పెట్టాలని కోకో ఊరి కుండ దగ్గర నిలబడి వంట చేస్తూ, కావాల్సిన సరుకులు తెచ్చిపెట్టమని మనల్ని అడుగుతుంది. హైరూల్‌లో బతకడమంటే ఏమిటో ఆ కుండ దగ్గర తెలుస్తుంది. నష్టం ప్రతి ఇంటినీ తాకింది, అయినా సాయంత్రానికి పొయ్యి వెలుగుతుంది. అకాలా ప్రాంతంలోని టారీ టౌన్ ఇంకా ఆశ కలిగిస్తుంది. హడ్సన్ అనే ఇళ్లు కట్టే పనివాడు ఒక్కడే వెళ్లి ఖాళీ రాతి దిబ్బ మీద ఇళ్లు మొదలుపెడతాడు. గోరోన్, గెరూడో, రీటో, జోరా జాతులవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరతారు. చివరికి హడ్సన్ పెళ్లి కూడా ఆ ఊళ్లోనే జరుగుతుంది. 2023లో వచ్చిన తర్వాతి గేమ్‌కల్లా హటేనోలో బడి కూడా ఉంటుంది.

ప్రమాదాలు తెలిసే వెళ్లాలి. ఆ తర్వాతి గేమ్‌లోనే లూరెలిన్ జాలరి పల్లెను దోపిడీదారులు పాడుచేస్తారు, కాబట్టి సముద్రతీరం వద్దు. ఉరుములు వస్తుంటే ఇనుప వస్తువు ఒంటి మీద ఉంచుకోకూడదు, పిడుగు దాని మీదే పడుతుంది. ఊరి నుంచి ఊరికి ఒంటరిగా నడవకూడదు. ఇవి పాటించగలిగితే హటేనో మంచి ఊరు.

స్కైరిమ్, విచర్ 3

ఈ రెండూ నేను ఎంతో ఇష్టంగా ఆడే గేమ్‌లు, అయినా అక్కడ కాపురం వద్దనే చెబుతాను. 2011 నాటి స్కైరిమ్‌లో ఇంపీరియల్స్ అనే సామ్రాజ్య సేనకూ, స్టార్మ్‌క్లోక్స్ అనే తిరుగుబాటుదారులకూ మధ్య అంతర్యుద్ధం నడుస్తుంటుంది, పైనుంచి డ్రాగన్లు. హెల్గెన్ పట్టణం ఆట మొదట్లోనే కాలిపోతుంది. విండ్‌హెల్మ్‌లో డార్క్ ఎల్ఫ్‌లను గ్రే క్వార్టర్ అనే మురికివాడకు నెట్టేశారు. మార్కార్త్‌లో జైలంటే ఒక ధనిక కుటుంబానికి చెందిన వెండి గనే, ఖైదీలే అందులో కూలీలు. ఒక్క మంచి సంగతి, దేవతల పీఠాన్ని తాకితే జబ్బు నయమవుతుంది, రుసుము లేదు. వెళ్లక తప్పకపోతే సాలిట్యూడ్ చూసుకోండి.

2015లో వచ్చిన విచర్ 3లో వెలెన్ ప్రాంతం ఇంకా దారుణం. సైన్యాలు పంటంతా ఊడ్చుకుపోయిన నేల అది. డౌన్‌వారెన్ ఊరి పెద్ద అడవిలోని మంత్రగత్తెల సాయం కోసం తన చెవి తానే కోసి ఇస్తాడు. ఊళ్లవాళ్లు ఆ అడవిలోకి పిల్లల్ని కూడా పంపేస్తారు. నోవిగ్రాడ్ నగరంలో మంత్రవిద్య తెలిసినవాళ్లను నడివీధిలో తగలబెడతారు. గెరాల్ట్ లాంటి వేటగాడు వచ్చి ఒక రాక్షసిని చంపినా ఈ భయం తీరదు. దాన్ని నడిపేది ఆకలి, యుద్ధం. అదే గేమ్‌లోని టూసాంట్ ప్రాంతం ఎండలో మెరిసిపోతూ ద్రాక్షతోటలతో ఆకట్టుకుంటుంది, కానీ అక్కడ కూడా రక్తపిశాచులు ఉన్నారు.

డబ్బుంటేనే ప్రాణం నిలిచే నగరాలు

శిథిలమైన హైరూల్ కంటే నిండుగా వెలిగే నైట్ సిటీ ఘోరమని నేనంటే కొందరు ఒప్పుకోరు. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 మొదట్లోనే ఒక మిషన్ ఉంది. అవయవాలు దోచుకునే ముఠా ఒక మహిళను అపార్ట్‌మెంట్‌లో మంచు నీళ్ల తొట్టిలో పడేస్తుంది. హీరో వీ, మిత్రుడు జాకీ ఆమెను బయటికి లాగి, ఆరోగ్య బీమా వివరాలు చూస్తారు. ట్రామా టీమ్ ప్లాటినం, అంటే ఖరీదైన అత్యవసర వైద్య ప్లాన్. ఆ ఒక్క మాటతో నిమిషాల్లో గాలిలోంచి వాహనం వచ్చి బాల్కనీ దగ్గర నిలుస్తుంది. అందులోంచి దిగినవాళ్లు ముందు తుపాకులు గురిపెట్టి, ఆమెను కాపాడినవాళ్లనే వెనక్కి జరగమంటారు. తర్వాతే రోగిని తీసుకెళ్తారు. ఆ నగరంలో వైద్యానికి లోటు లేదు, అద్భుతంగా ఉంది. ప్లాన్ లేని మనిషి కోసం మాత్రం ఆ వాహనం రాదు. హీరో గెలిచినా ఓడినా ఈ పద్ధతి మారదు. నగరాన్ని శాసించే అరసాకా కంపెనీ పోతే దాని చోటికి ఇంకో కంపెనీ వస్తుంది. ఆఫ్టర్‌లైఫ్ బార్‌లో పేరుమోసిన కిరాయి సైనికుల పేర్లు మద్యం పానీయాలకు పెడతారు, అదీ చచ్చిపోయాకే. అక్కడ మనిషికి దక్కే గౌరవం అంతే.

2007 నాటి బయోషాక్‌లోని రాప్చర్ కూడా ఈ కోవకే చెందుతుంది. 1946లో ఆండ్రూ రయాన్ సముద్రం అడుగున కట్టించిన నగరం. ప్రభుత్వం లేదు, పన్నులు లేవు, ప్రతిభకు అడ్డు లేదు అని ఆశపెట్టి గొప్ప గొప్పవాళ్లను రప్పించాడు. రహస్యం బయటికి పొక్కకూడదని పైలోకంతో సంబంధాలన్నీ తెంచేశాడు. వెళ్లేదారి లేని చోట అసమానత ఎంత త్వరగా కుళ్లిపోతుందో 1958 చివరి రాత్రి మొదలైన అల్లర్లే చూపిస్తాయి. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7లోని మిడ్గార్‌లో పైపలక మీద ఉన్నవాళ్లకు ఆకాశం, కిందివాళ్లకు ఇనుప కప్పు. తిరుగుబాటుదారుల్ని అణచడానికి షిన్‌రా కంపెనీ సెక్టార్ 7 పలకను జనం మీదికే కూల్చేస్తుంది.

ఈ మూడింట్లో ఒక్కటి తప్పనిసరి అంటే? నైట్ సిటీ. కారణం ఒక్కటే, ఊరి బయట ఎడారిలో సంచారులు ఉన్నారు. వాళ్లలో కలిసి వెళ్లిపోవచ్చు.

తలుపులు మూసిన లోకాలు

హాఫ్-లైఫ్ 2లో సిటీ 17ను చూసినవాళ్లకు ఆ నిశ్శబ్దం గుర్తుండే ఉంటుంది. ఆ ఆట 2004లో వచ్చింది. ఆక్రమణదారులు మనుషులకు సంతానం కలగకుండా అడ్డుకునే క్షేత్రాన్ని పెట్టారు. అందుకే అక్కడి ఆటస్థలంలో ఊయలలు ఉన్నాయి, పిల్లలు లేరు. ఫాల్అవుట్ గేమ్‌లలో 2077 అక్టోబరు 23న అణుయుద్ధం జరుగుతుంది. వాల్ట్-టెక్ కంపెనీ భూగర్భ ఆశ్రయాలు చూసి "బాంబుల నుంచి బతికిపోయాం" అనుకోకండి. వాటిలో చాలావాటిని లోపలివాళ్ల మీద ప్రయోగాలకే కట్టారు. 2010 నాటి న్యూ వేగాస్‌లోని 11వ వాల్ట్‌లో ఏటా ఒకరిని బలివ్వకపోతే అందరూ చస్తారని కంప్యూటర్ బెదిరించేది. జనం ఎన్నికలు పెట్టి మరీ ఒకరిని పంపుతూ వచ్చారు. చివరికి మిగిలిన కొద్దిమంది ఇక బలివ్వం అని చెబితే కంప్యూటర్ వాళ్లను అభినందించి తలుపు తెరిచింది. ఎన్నేళ్ల చావులో అప్పటికి! వాల్ట్ ఎంచుకునేకంటే బయట ఎడారిలో నీళ్లున్న చోటు వెతుక్కోవడం నయం.

2013లో వచ్చిన పేపర్స్, ప్లీజ్‌లోని ఆర్స్టోట్జ్కాలో రాక్షసులెవరూ లేరు. 1982 నవంబరులో మీకు సరిహద్దు చెక్‌పోస్టులో ఉద్యోగం వస్తుంది. సరిగ్గా చూసి పంపిన మనిషికి 5 క్రెడిట్లు. సాయంత్రం ఆ డబ్బుతో అద్దె, తిండి, గది వేడికి ఖర్చు, మందులు సర్దాలి. అన్నీ రావు. ఒక తల్లిని లోపలికి పంపితే మీ పిల్లవాడి మందుకు కోత పడవచ్చు. బతకకూడని లోకాల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. మంచిగా ఉండటానికి ఇంత ఖరీదు కట్టాల్సిన చోట మనసు నిలుపుకోవడం చాలా కష్టం.

ఏ కాలంలో వెళ్తున్నారు?

ఒకే లోకం ఒక కాలంలో స్వర్గం, ఇంకో కాలంలో నరకం. మాస్ ఎఫెక్ట్‌లో రీపర్లనే యంత్రాలు 50,000 ఏళ్లకోసారి వచ్చి ఎదిగిన నాగరికతలన్నీ తుడిచిపెడతాయి. మొదటి గేమ్ 2183లో జరుగుతుంది, దాడి 2186లో. అప్పుడు వెళ్తే మూడేళ్ల సుఖమే. అదే చక్రం మధ్యలో పుట్టిన ఏదో ఒక జాతిగా అయితే తరతరాలు నక్షత్రాల మధ్య హాయిగా బతకొచ్చు. రాప్చర్‌లో కూడా తొలి రోజులు చాలామందికి మంచి రోజులే. ముద్దుగా కనిపించే మారియో లోకాన్ని కూడా కాలం చూడకుండా ఎంచుకోకండి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మాన్యువల్ ప్రకారం కూపా అనే తాబేళ్ల తెగ దాడిలో మష్రూమ్ రాజ్య ప్రజలు రాళ్లు, ఇటుకలు, మొక్కలుగా మారిపోయారు. యువరాణి వస్తే తప్ప వాళ్లకు విముక్తి లేదు.

మిగతావి క్లుప్తంగా. మైన్‌క్రాఫ్ట్‌లో పీస్‌ఫుల్ మోడ్ అయితే భయం లేదు, ఆకలి కూడా తగ్గదు, కానీ మాట్లాడే మనిషి ఉండడు. హార్డ్ మోడ్‌లో గ్రామస్థుడిగా ఉంటే జాంబీ చేతిలో చచ్చినా విశ్రాంతి లేదు, మీరూ జాంబీ అవుతారు. జీటీఏ నగరాల్లో ఫుట్‌పాత్ మీద నడవడమే ప్రమాదం. పబ్‌జీ ఎరాంగెల్ 8 కిలోమీటర్లు పొడవు, 8 కిలోమీటర్లు వెడల్పు ఉన్న దీవి, అన్ని ఇళ్లున్నా ఒక్క కుటుంబం లేదు. డార్క్ సోల్స్ లోకంలో చావు కూడా దిక్కు కాదు. శాపం తగిలినవాళ్లను జైల్లో పడేస్తారు, అక్కడే మెల్లగా మతి పోగొట్టుకుంటారు.

ఎవరికి ఏది?

చిన్నపిల్లలున్న కుటుంబానికి కాంటో. ఊరి హద్దు దాటకుండా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండగలిగితే వైద్యం, శుభ్రత, ఇరుగుపొరుగు అన్నీ దొరుకుతాయి. మళ్లీ సున్నా నుంచి ఏదైనా కట్టాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు, చేతిలో పని ఉన్నవాళ్లకు టారీ టౌన్ లేదా హటేనో. వడ్రంగి, కమ్మరి, వంట వచ్చినవాళ్లను అక్కడ రెండు చేతులా ఆహ్వానిస్తారు. ఒళ్లూ మనసూ అలిసిపోయి కొన్నాళ్లు ఏమీ ఆలోచించకూడదు అనుకునేవాళ్లకు యానిమల్ క్రాసింగ్ దీవి, కానీ తిరుగు ప్రయాణం టికెట్ దగ్గర పెట్టుకోండి.

పెద్ద వయసువాళ్లు, ఒంటరిగా ఉండేవాళ్లు, మనసులో ఏదో బరువు మోస్తున్నవాళ్లు పెలికన్ టౌన్‌కు వెళ్లాలి. అక్కడ స్థిరపడాలంటే ఆ గేమ్‌లో హీరోకు ఉన్నట్టు తాతగారి పొలం ఉండి తీరాలేమో అనే అనుమానం అక్కర్లేదు. లియా నగరం వదిలి వచ్చి చిన్న కుటీరంలో శిల్పాలు చెక్కుకుంటోంది. ఎలియట్ నవల రాయడానికి వచ్చి సముద్రం ఒడ్డున గుడిసెలో ఉంటున్నాడు. వాళ్లిద్దరూ హీరోలు కాదు, హీరో కంటే ముందే వచ్చినవాళ్లు. ఊరు వాళ్లను తనలో కలుపుకుంది. వెళ్లేవాళ్లు వసంతం మొదట్లో వెళ్లండి, చలికాలానికి ముందు ఇల్లు, పని కుదురుతాయి. బుధవారం మాత్రం చేరుకోకండి, ఆ రోజు పియర్ కొట్టు మూసి ఉంటుంది.